పచ్చ రంగు తాళంచెవి

పిల్ల రాసిన జవాబు సరైనదే. తప్పు పెట్టింది నేను. పెట్టి ఊరుకున్నానా, క్లాసులో నలభై మంది ముందు నిలబెట్టి నాలుగు మాటలు కూడా అన్నాను. నాకు కోపం ముందు, ఆలోచన తరవాత. ఈ సంగతి మా ఇంట్లోవాళ్లకూ తెలుసు, మా బళ్లోవాళ్లకూ తెలుసు.

ఇస్నాపూర్‌లో ఎనిమిదో తరగతికి భౌతికశాస్త్రం చెబుతాను. స్థిర విద్యుత్తు పాఠానికి పన్నెండేళ్లుగా అదే దువ్వెన, అవే కాగితం ముక్కలు. తల దువ్వి దగ్గర పెడితే కాగితాలు ఎగిరొచ్చి అంటుకుంటాయి, పిల్లలు నవ్వుతారు, గంట కొడతారు. నాకే విసుగొచ్చి ఈసారి దసరా సెలవులకు ఒక పని ఇచ్చాను. ఖాళీ జాం సీసా తీసుకోండి. అట్టముక్కతో మూత చేసి, దానికి ఒక జెమ్‌క్లిప్పు గుచ్చి, దాని కింద రెండు సన్నని అల్యూమినియం రేకులు వేలాడదీయండి. పెన్ను రీఫిల్‌ను పాలిథిన్ కవరుతో బాగా రుద్ది క్లిప్పుకు తాకించండి. రెండు రేకులకూ ఒకే రకం విద్యుదావేశం చేరుతుంది కాబట్టి అవి ఒకదాన్నొకటి నెట్టుకుని విచ్చుకుంటాయి. ఇప్పుడు ఇంట్లో వస్తువులు ఒక్కొక్కటి చేత్తో పట్టుకుని క్లిప్పుకు తాకించండి. ఆవేశాన్ని నేలకు దిగనిచ్చే వస్తువైతే రేకులు ముడుచుకుంటాయి, కాకపోతే అలాగే ఉంటాయి. పది వస్తువులు చూసి పట్టిక రాయండి అన్నాను.

మహిత ఏడే రాసింది. స్టీలు చెంచా, రేకులు పడ్డాయి. దువ్వెన, పడలేదు. అగ్గిపుల్ల, మెల్లగా పడ్డాయి. అలా ఆరు వరసలు చక్కగా ఉన్నాయి. ఏడో వరసలో "తాళంచెవి, ఇనుము, పడలేదు" అని ఉంది. ఆ తరవాత ఖాళీ. ఇనుము విద్యుత్తును పోనిస్తుందని మూడో తరగతి పిల్లను లేపి అడిగినా చెబుతుంది. చేయకుండానే రాసి, అలిసిపోయి వదిలేసిందనుకున్నాను. ఎర్ర పెన్నుతో ఇంటూ కొట్టి, "చూడనిది రాయకు" అని పక్కన రాశాను. ఆ పిల్ల తల దించుకుని కూర్చుంది.

మర్నాడు పొద్దున వాళ్ల నాన్న వచ్చాడు. పేరు నర్సన్న. సన్నగా, పొడుగ్గా, నలభై దాటిన మనిషి, ఒంటి మీద ఫ్యాక్టరీ నీలం చొక్కా. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. స్టాఫ్‌రూములో అటూ ఇటూ తిరుగుతూ కిటికీ చువ్వ ముట్టుకున్నాడు, బీరువా ముట్టుకున్నాడు, మళ్లీ చువ్వ ముట్టుకున్నాడు. చూస్తుంటే నాకే కాళ్లు నిలవలేదు.

"కూర్చోండి నర్సన్నగారూ" అన్నాను రెండోసారి.

"వద్దు మేడం. కూసుంటే నాకు పానం కొట్టుకుంటది. మా బిడ్డకు తప్పు పెట్టిండ్రట గద?"

జేబులోంచి తాళంచెవుల గుత్తి తీసి బల్ల మీద పెట్టాడు. అందులో ఒకటి చిలకపచ్చ రంగులో మెరుస్తోంది. సంచీలోంచి జాం సీసా కూడా తీశాడు. రీఫిల్‌ను కవరుతో తనే రుద్ది క్లిప్పుకు తాకించాడు. రేకులు విచ్చుకున్నాయి. పచ్చ తాళంచెవి కొనను క్లిప్పుకు ఆనించాడు. రేకులు కొంచెం వంగాయి, చెవి తీయగానే మళ్లీ యథాప్రకారం నిలబడ్డాయి. ఆవేశం ఎక్కడికీ పోలేదు.

"తప్పా మేడం?" అన్నాడు.

నా మొహం చిన్నబోయింది. "రంగు వేశారు కదా" అన్నాను.

"గదే మేడం. ఏసిన. గా రంగే మా బామ్మర్ది పానం మీదికి తెచ్చింది."

అలా మొదలుపెట్టాడు. నాకు రెండో పీరియడ్ ఉంది. వెళ్లలేకపోయాను.

నర్సన్నది జిన్నారం అవతల ఒక ఊరు. చిన్నప్పుడు ఒక ఆసామి దగ్గర ఎడ్లు కాసేవాడు. ఏరువాక పున్నమికి ఆ ఎడ్లను కడిగి, కొమ్ములకు రంగు పూసే పని వాడిదే. ఆ పని ఇంకొకరిని చేయనిచ్చేవాడు కాదట. పొలాలు పోయి ఫ్యాక్టరీలు వచ్చాక ఇరవై మూడేళ్ల వయసులో పటాన్‌చెరు వచ్చి పౌడర్ కోటింగ్ షెడ్డులో చేరాడు. ఇనప బీరువాలకూ సైకిల్ చట్రాలకూ రంగు వేసే చోటది. అక్కడ రంగు నీళ్లలా ఉండదు, పిండిలా ఉంటుంది. గన్నులోంచి బయటికొచ్చే ప్రతి రేణువుకూ ఆవేశం ఎక్కిస్తారు. ఎదురుగా కొక్కేనికి వేలాడే ఇనప సామానును నేలకు కలిపి ఉంచుతారు. పిండి దానంతటదే పోయి సామానుకు అతుక్కుంటుంది, వెనకవైపు కూడా చుట్టుకుపోతుంది. తరవాత కొలిమి లాంటి గదిలో పెడితే కరిగి గట్టిపడుతుంది. మా స్టాఫ్‌రూము బీరువాను చేత్తో నిమిరి, "ఇది గూడ గట్లనే అయింది మేడం" అన్నాడు. పన్నెండేళ్లుగా ఆ బీరువాలోంచే దువ్వెన తీసి పాఠం చెబుతున్నాను. పిల్లలకు ఒక్కరోజు బీరువాను చూపించలేదు.

గన్ను పట్టుకుని ఒకచోట నిలబడడం పడక నాలుగేళ్లకు ఆ పని వదిలేశాడు. తరవాత ఒక బాయిలర్ దగ్గర చేరాడు. అక్కడా ఇదే వ్యవహారం. పొగ గొట్టంలోకి వెళ్లేముందు పొగను పెద్ద పెద్ద రేకుల మధ్య నుంచి పంపుతారు. ఆ రేకుల నడుమ తీగలకు బలమైన విద్యుత్తు ఇస్తే బూడిద రేణువులకు ఆవేశం ఎక్కి రేకులకు అంటుకుంటాయి. సుత్తులు వాటంతటవే కొడుతుంటే బూడిద కింద తొట్టిలో రాలుతుంది, పైకి పొగ పలచగా పోతుంది. ఆ తొట్టి బూడిద ఎత్తడమే ఈయన పని. అదీ ఐదేళ్లు చేసి వదిలేశాడు. భార్య ప్రేమలత మందు డబ్బాల ప్యాకింగుకు వెళుతుంది కాబట్టి ఇస్నాపూర్‌లో తీసుకున్న కిరాయి గది మాత్రం మారలేదు, మనిషే ఫ్యాక్టరీలు మారుతూ వచ్చాడు.

తొమ్మిదేళ్లుగా జిన్నారం దారిలో ఒక మందుల కంపెనీలో ద్రావకాల యార్డులో ఉన్నాడు. తిరుగుతూ చేసే పని కాబట్టి నిలిచాడు. ఇంతకాలం కూడు పెట్టిన ఆవేశం ఇక్కడ మాత్రం శత్రువు. టాంకులోంచి టోలుయిన్ అనే, పెట్రోలులా మండే ద్రావకం గొట్టం గుండా పరుగెత్తుతూ రాసుకుంటుంది, రీఫిల్‌ను కవరు రుద్దినట్టే. ఆ ఆవేశం ఇనప డ్రమ్ములో చేరుతుంది. డ్రమ్మును నేలకు కలపకపోతే అది అక్కడే పోగవుతుంది. మనిషి చెయ్యి దగ్గరికి వెళితే చిటుక్కుమని చిన్న నిప్పు పుడుతుంది. చలికాలంలో ఉన్ని స్వెటరు విప్పేటప్పుడు చిటపటమంటుందే, అదే. ఇంట్లో అయితే నవ్వుకుంటాం. డ్రమ్ము మూతి దగ్గర టోలుయిన్ ఆవిరి కాచుకుని ఉంటుంది, అక్కడ నవ్వడానికి మనిషి మిగలడు.

అందుకే డ్రమ్ము నింపేముందు ఎర్త్ క్లాంపు పెడతారు. బట్టల క్లిప్పు లాంటిదే, కాకపోతే అరచేయంత ఇనప దవడలు, వాటికి నేలలోకి పోయే తీగ. యార్డు తలుపు దగ్గర ఒక రాగి పలక కూడా ఉంటుంది. లోపలికి వెళ్లే ప్రతి మనిషీ తన ఒంటి మీది ఆవేశం పోవడానికి దాన్ని ముట్టుకోవాలి. నర్సన్నకు ఆ అలవాటు ఇంటిదాకా వచ్చింది. పొయ్యి దగ్గరికి పోయేముందు నల్లా ముట్టుకుంటాడు. "ఇగ నన్ను ముట్టుకునేటప్పుడు గూడ నల్లా ముట్టుకుని రా" అని ప్రేమలత ఎగతాళి చేస్తుందట. ఈ మాట నాకు చెప్పి, చెప్పినందుకు సిగ్గుపడి మళ్లీ కిటికీ చువ్వ పట్టుకున్నాడు.

రెండేళ్ల కిందట ప్రేమలత తమ్ముడు కుమార్‌ను అదే యార్డులో పెట్టించాడు. అత్త ఎంకమ్మకు ఇష్టం లేదు. "ఒక్కడే కొడుకు, నీ చేతుల పెడుతున్న అల్లుడా" అందట. మొదటిరోజే కుమార్‌ను డ్రమ్ము ముందు నిలబెట్టి నర్సన్న ఒకటే మాట నేర్పాడు, ముందు క్లాంపు, తరవాత గొట్టం. కుమార్ ఆ మాట ఎన్నడూ తప్పలేదు.

ఈ ఏడు ఆయుధపూజకు యార్డంతా కడిగారు. పంపులకూ వాల్వు చక్రాలకూ వేయగా చిలకపచ్చ ఎనామిల్ పెయింటు మిగిలింది. ఇక్కడే నర్సన్న చేయరాని పని చేశాడు. క్లాంపును కూడా కడిగి, తుడిచి, దవడలు పళ్లతో సహా రెండు పూతలు పూశాడు. పైన పసుపు, కుంకుమ, ఒక బంతిపువ్వు. యార్డు ఇన్‌ఛార్జి రామలింగేశ్వరరావు అది చూసి ముచ్చటపడి ఫోటో తీసి స్టేటస్‌లో పెట్టుకున్నాడు.

"ఎందుకు పూశారు?" అన్నాను. నాకు నిజంగానే కోపం వచ్చింది.

"ఎడ్లకు కొమ్ములు ఎట్లనో నాకు గది గట్ల మేడం. తొమ్మిదేండ్ల సంది మమ్ముల కాపాడుతున్నది. దానికి పూయక దేనికి పూయాలె?"

మిగిలిన కాసింత రంగు గ్లాసులో ఇంటికి తెచ్చుకున్నాడు. వాళ్ల వాడలో ఎనిమిది గదులకు ఒకే రకం తాళాలు, చెవులు తారుమారవుతున్నాయని తమ గది చెవికి గుర్తుగా ఆ రంగే దట్టంగా పూశాడు.

దసరా రోజు కంపెనీ బంద్. మర్నాడు పని మొదలైంది, నర్సన్నకు ఆ రోజు వారానికొకసారి వచ్చే సెలవు. మధ్యాహ్నం ఒంటిగంట దాటాక అన్నం తిని, గదిలో తిరుగుతూ బిడ్డ చేస్తున్న ప్రయోగం చూస్తున్నాడు. మహిత ఏడో వస్తువుగా తండ్రి గుత్తిలోని పచ్చ చెవి అందుకుంది.

"డాడీ, ఇది ఇనుమే గద? ఎందుకు పడుతలేవు?"

"రంగున్నది గదనే బిడ్డా. రంగుంటే ఎట్ల పోతది?"

అన్నాడు. అనేసి ఆగిపోయాడు. పౌడర్ షెడ్డులో నాలుగేళ్లు రోజూ పొద్దున చేసిన మొదటి పని గుర్తొచ్చింది. కొక్కేలకు పేరుకున్న పాత రంగు బ్లేడుతో గీకడం. కొక్కేనికి రంగుంటే సామాను నేలకు కలవదు, పిండి అంటదు. ఈ సంగతి తనకు నిన్నా మొన్నా తెలిసింది కాదు. తెలిసి తెలిసి క్లాంపు పళ్లకు రెండు పూతలు పూశాడు. రెండింటికి కుమార్ షిఫ్టు. డ్రమ్ములు నింపేది ఆ షిఫ్టులోనే, అదీ ఎక్కగానే.

బిడ్డ చేతిలోంచి గుత్తి లాక్కున్నాడు. మోపెడ్ చెవి కూడా అందులోనే ఉంది. మహిత ప్రయోగం అక్కడ ఆగిపోయింది. నేను బద్ధకమనుకున్న ఖాళీ అదే.

కుమార్‌కు ఫోన్ చేస్తే స్విచ్ఛాఫ్. పని నడిచేటప్పుడు యార్డులోకి ఫోన్లు తీసుకెళ్లనివ్వరు, గేటు దగ్గర పెట్టెలో పెట్టాలి. రామలింగేశ్వరరావుకు చేస్తే మోగుతుందే గానీ ఎత్తడు. మోపెడ్ తీశాడు. పండగకు ఊళ్లు వెళ్లినవాళ్లంతా తిరిగొస్తున్నారు, రోడ్డు నిండా బస్సులూ లారీలూ. ఎక్కడెక్కడ ఆగిందీ, ఎవరెవరిని తిట్టిందీ తనకే గుర్తులేదన్నాడు. ఒక్కటే గుర్తుందట. పటాన్‌చెరు దగ్గర సిగ్నల్ పడితే, నిలబడలేక, బండిని అక్కడే గిరగిరా రెండు చుట్లు తిప్పాడట. పోలీసాయన కేకలేశాడు.

గేటు దగ్గరికి వచ్చేసరికి రెండు దాటి ఇరవై నిమిషాలు. కార్డు లేదు, బూట్లు లేవు, ఒంటి మీద పండగ టెర్లిన్ చొక్కా. సెక్యూరిటీ అతను ఒడిశా మనిషి, ఇవాళ సెలవు కదా, కార్డేదని హిందీలో అడిగాడు.

"ఆజ్ ఛుట్టీ హై నా తుమ్హారా? కార్డ్ కిధర్ హై?"

"డ్రమ్ బంద్ కరో! అర్జెంట్ హై భయ్యా, డ్రమ్ బంద్ కరో!"

దసరా మర్నాడు చెప్పుల్లేకుండా వచ్చి కేకలు పెట్టే మనిషిని చూసి ఎవరైనా ఏమనుకుంటారు? సెక్యూరిటీ అతను దగ్గరికొచ్చి ముందు నోరు వాసన చూశాడు. అప్పుడు ఇక దాచుకోవడానికి ఏమీ మిగల్లేదు. "గల్తీ మేరా హై. క్లాంప్ కో మై కలర్ లగాయా. వో కామ్ నహీఁ కరేగా" అని, తప్పు తనదేనని, క్లాంపుకు రంగేసింది తనేనని ఏడుపు గొంతుతో చెప్పాడు. అతను యార్డుకు ఫోన్ కలిపాడు. కుమార్ బయట డ్రమ్ముల దగ్గర ఉన్నాడు కాబట్టి ఎవరూ ఎత్తలేదు. నర్సన్న అడ్డకర్ర కింద నుంచి దూరి పరుగెత్తాడు. వెనకాల సెక్యూరిటీ విజిల్.

ఆ తొందరలో రాగి పలక కూడా ముట్టుకోకుండా యార్డు తలుపు దాటి, డ్రమ్ముకు పది అడుగుల దూరంలో ఆగాడు. ఆగడం ఎందుకో నాకు అర్థం కాక అడిగాను.

"టెర్లిన్ అంగీ మేడం. బండి మీద గాలికి రాసుకుని, ఉరికి ఉరికి వచ్చిన. నా ఒంటి మీదనే ఎంత ఉన్నదో. ఇంకో నాలుగడుగులు ఏస్తే నేనే అగ్గిపుల్ల గీకినోన్నైత."

అక్కడి నుంచే చూశాడు. చెక్క పలక మీద డ్రమ్ము. గొట్టంలోంచి టోలుయిన్ పడుతోంది. డ్రమ్ము అంచుకు క్లాంపు బుద్ధిగా పట్టుకుని ఉంది, పచ్చగా, బంతిపువ్వు వాడిపోయి. కుమార్ పక్కన నిలబడి మూతి వైపు వంగి చూస్తున్నాడు. నిండగానే చెయ్యి పెట్టి గొట్టం పైకి లాగుతాడు. ధార చప్పుడును బట్టి నిండడానికి ఇంకా బెత్తెడు కూడా లేదు. అరిస్తే ఉలిక్కిపడి డ్రమ్మునే పట్టుకుంటాడేమో. నర్సన్న అరవలేదు. రెండు చేతులూ పైకెత్తి నిలబడ్డాడు. కుమార్ కంటికి ఆనాడు.

"ఏంది బావా, పండుగ ఇంక దిగలేదా?" అని నవ్వాడు కుమార్.

"డ్రమ్ము ముట్టకు. గొట్టం ముట్టకు. మెల్లగ ఎనుకకు రా."

"ఎందుకు? క్లాంపు పెట్టిన గద. నువ్వు చెప్పినట్టే ముందుగాల గదే పెట్టిన."

ఈ మాట దగ్గర నర్సన్న మళ్లీ బీరువా ముట్టుకున్నాడు.

"గా క్లాంపుకు రంగేసింది నేనేరా" అన్నాడట. "పండ్లకు గూడ ఏసిన. అది పని చేస్తలేదు. రా కుమార్, ఎనుకకు రా. వాల్వు బంద్ చెయ్."

కుమార్ క్లాంపు వైపు చూశాడు. బావ వైపు చూశాడు. నవ్వు పోయింది. చేతులు ఛాతీకి అదిమి పెట్టుకుని ఒక్కొక్క అడుగే వెనక్కి వేసి, టాంకు దగ్గర వాల్వు కట్టేశాడు. ధార ఆగింది.

ఈలోపు రామలింగేశ్వరరావు వచ్చాడు, వెంట ఎలక్ట్రీషియన్. ఇప్పుడు ఆ డ్రమ్మును ఎవరూ ముట్టుకోకూడదు, మంచి క్లాంపు తెచ్చి పెట్టబోయినా పెట్టే క్షణంలోనే నిప్పు రావచ్చు అన్నాడు ఎలక్ట్రీషియన్. చెక్క మీదుగా ఆవేశం మెల్లగా నేలకు దిగాలి, ఆవిరి చెదిరిపోవాలి. అరగంట అందరూ బయటే ఉండాలి. "నర్సన్నా, నువ్వు ఫస్టు ఓ దగ్గర కూర్చో" అని గదిమాడు.

కూర్చున్నాడు. గోడవారగా, అరచేతులు నేలకు ఆనించి, అరగంట. పక్కనే కుమార్. పుట్టి బుద్ధెరిగాక తాను అంతసేపు కదలకుండా ఉన్నది అదొక్కసారేనన్నాడు. కదిలితే ఏమవుతుందోనని కాదట, కుమార్ పక్కన ఉన్నాడో లేదో మాటిమాటికీ చూసుకోవడానికే సరిపోయిందట.

అరగంట అయ్యాక ఎలక్ట్రీషియన్ రాగి పలక ముట్టుకుని లోపలికి వెళ్లి కొత్త క్లాంపు పెట్టాడు. చప్పుడు లేదు, వెలుగు లేదు.

"ఏం గాలే మేడం" అన్నాడు నర్సన్న. కళ్లు తుడుచుకున్నాడు. "ఏమంటే ఏం గాలే."

రంగు ఎవరు వేశారని రామలింగేశ్వరరావు అందరి ముందూ అడిగితే నేనేనని చెప్పాడు. ఆయన ఏదో అనబోయి, ఫోన్ తీసి తన స్టేటస్ చూసుకుని, ఆ ఫోటో తీసేసి, జేబులో పెట్టుకున్నాడట. నర్సన్నను మూడు రోజులు పనిలోంచి ఆపారు. "ఆపాలె గద. తప్పు నాదే. మా బిడ్డది గాదు. గది చెప్పుదామనే వచ్చిన" అన్నాడు.

నాకు సిగ్గేసింది. నలభై మంది ముందు తిట్టినదానికి స్టాఫ్‌రూములో సారీ చెబితే సరిపోదు. ఆయన్ను వెంటబెట్టుకుని ఎనిమిదో తరగతికి వెళ్లాను. మహితను లేపి, నువ్వు రాసిందే ఒప్పు, నేనే చూడకుండా తప్పు పెట్టాను అని చెప్పాను. పిల్లలు నోళ్లు తెరుచుకుని చూశారు. ఆ తరవాత నర్సన్న సీసా, చెవి పట్టుకుని, బల్లల మధ్య తిరుగుతూ, దొరికిన ప్రతి ఇనప ముక్కనూ ముట్టుకుంటూ గంటసేపు పాఠం చెప్పాడు. దువ్వెన బీరువాలోనే ఉండిపోయింది.

సాయంత్రం మహిత నోటుపుస్తకం మళ్లీ నా బల్ల మీదికి వచ్చింది. నా ఎర్ర ఇంటూ అలాగే ఉంది. దాని కింద ఎనిమిదో వరస కొత్తగా నింపింది. వస్తువు: ఎర్త్ క్లాంపు. దేనితో చేసింది: ఇనుము, పైన రంగు. ఏం జరిగింది అన్న గడిలో రేకుల గురించి ఏమీ రాయలేదు.

"మా మామ ఉన్నాడు" అని రాసింది.